గిరిప్రదక్షిణలో వాక్కు

ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలం తొలిపావంచ వద్ద కొబ్బరికాయ కొట్టి లక్షలాది భక్తులు గిరిప్రదక్షిణకు బయలుదేరుతారు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్ సాగరతీరం, గోపాలపట్నం మీదుగా సుమారు 32 కిలోమీటర్లు నడచి మరల కొండ పాదానికే చేరుతారు. దేవస్థానం, పోలీసువారు ఏర్పాట్లు చేసే మాట నిజమే. కాని రాత్రంతా సాగే ఆ జనప్రవాహంలో ప్రతి అడుగునూ నిర్దేశించే అధికారి ఎవరూ ఉండరు.

ముందువాడు "నెమ్మది, గుంట ఉంది" అంటాడు. వెనుకవాడు ఆ మాటను తన వెనుకవానికి అందిస్తాడు. వృద్ధురాలు అలసి ఆగితే "అమ్మకు దారి ఇవ్వండి బాబూ" అన్న ఒక్క పలుకుతో ప్రవాహం రెండుగా చీలి, మరల కలుస్తుంది. ఒక బృందం "సింహాద్రి అప్పన్నా" అని పిలిస్తే మరొకటి "గోవిందా" అని అందుకుంటుంది. ఆ లయకు అడుగులు కుదురుతాయి. చీమలబారులో గంధం చేసే పనిని ఇక్కడ వాక్కు చేస్తున్నది.

ఋగ్వేదపు చివరి సూక్తం కలసి నడవమని, కలసి పలుకమని, మనస్సులు ఏకం కావాలని ఆ క్రమంలోనే ఉపదేశిస్తుంది. నడకకూ మనస్సుకూ నడుమ వాక్కును నిలపడం యాదృచ్ఛికం కాదు.

అందుచేతనే దారిపొడవునా మోగే పెద్ద సౌండుబాక్సులు అభ్యంతరకరం. భక్తిగీతాలే కదా అని కొందరు సమర్థిస్తారు. గీతమేదైనా, ఆ హోరులో ముందువాని "ఆగండి" వెనుకకు చేరదు; చేరనిచోట తోపులాట పుడుతుంది. మజ్జిగ, మంచినీళ్లు పంచే పుణ్యాత్ములు వచ్చే ఆషాఢానికి ఆ పెట్టెలను ఇంటివద్దనే ఉంచి రావచ్చు.