తలుపు తట్టని పోలీసులు

తూర్పు జర్మనీలో ఓటు వేయడమంటే చేతికిచ్చిన కాగితాన్ని మడిచి పెట్టెలో వేయడమే. ఉన్నది ఒకటే అభ్యర్థుల జాబితా. గుర్తు పెట్టే పనే లేదు. మూలన తెరచాటు ఉండేది గానీ, అటు అడుగేసిన మనిషి మీద అనుమానం పడేది. 1989 మే 7న జరిగిన స్థానిక ఎన్నికల్లో తమకు 98.85 శాతం మద్దతు దక్కిందని పాలకులు ప్రకటించారు. ఆ అంకెను జనం నమ్మాలని వాళ్లూ ఆశించి ఉండరు. అబద్ధమని తెలిసీ నలుగురి ఎదుట కాగితం మడవడమే వాళ్లకు కావాలి. మడిచిన ప్రతి మనిషీ పక్కవాడికి తన లొంగుబాటును చూపించినట్టే.

నియంతృత్వం అనగానే తుపాకులు గుర్తొస్తాయి. అవి అక్కడా ఉన్నాయి. 1953 జూన్‌లో కార్మికులు తిరగబడితే సోవియట్ ట్యాంకులు దిగాయి. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. కానీ ట్యాంకులు వీధుల్లో తిప్పుతూ నలభై ఏళ్లు ఏలడం కుదరదు. ఆ లోటు స్టాసీ పూడ్చింది. దాదాపు 1.6 కోట్ల జనాభా మీద 1989 నాటికి ఆ రహస్య పోలీసు శాఖకు సుమారు 91 వేల మంది ఉద్యోగులు, మరో లక్షా 70 వేల మందికి పైగా వేగులు. వేగు అంటే ఎక్కడి నుంచో దిగిన మనిషి కాదు. పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగి, చిన్ననాటి నేస్తం.

1973లో ఐక్యరాజ్యసమితిలో చేరి, 1975లో హెల్సింకీ ఒప్పందం మీద సంతకం పెట్టాక ఆ ప్రభుత్వానికి బయట పరువు అవసరమైంది. అరెస్టులు ఆ పరువుకు చేటు. అరెస్టు చేయకుండానే అణచడానికి 1976 జనవరిలో స్టాసీ తెచ్చిన రహస్య ఉత్తర్వు దారి చూపింది. ఆ పద్ధతికి వాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం కుళ్లబెట్టడం. ఎదిరించే మనిషిని పట్టుకోరు. అతని నడవడి మీద పుకారు పుట్టిస్తారు. ఉద్యోగంలో ఏదీ కలిసిరాకుండా చూస్తారు. అతనే వేగు అని స్నేహితుల చెవిన వేస్తారు. నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే. జైల్లో ఉన్నవాడికి తనను కొడుతున్నదెవరో తెలుసు. ఇక్కడ దెబ్బ తిన్నవాడు తప్పు తనలోనే ఉందేమోనని వెతుక్కుంటాడు. తనవాళ్లు ఒక్కొక్కరే ఎందుకు ముఖం చాటేస్తున్నారో అతనికి చెప్పేవారుండరు.

అందుకే లైప్‌జిగ్‌లోని నికొలాయ్ చర్చిలో సోమవారం ప్రార్థనలను నేను పెద్ద విషయంగా చూస్తాను. అక్కడికీ వేగులు వచ్చేవారు. వచ్చేవాళ్లకు ఆ సంగతీ తెలుసు. అయినా 1989 అక్టోబరు 9న ఆ ప్రార్థనల తర్వాత దాదాపు 70 వేల మంది వీధుల్లో కలిసి నడిచారు. సిద్ధంగా నిలబెట్టిన బలగాలు కాల్పులు జరపలేదు. నెల తిరిగేసరికి గోడ తెరుచుకుంది.

కుళ్లబెట్టినది మాత్రం అంత త్వరగా బాగుపడలేదు. 1992లో స్టాసీ ఫైళ్లు జనానికి అందుబాటులోకి వచ్చినప్పుడు శాంతి ఉద్యమకారిణి వేరా వోలెన్‌బెర్గర్ తన ఫైలు చదువుకున్నారు. ఆమె మీద సమాచారం చేరవేసిన వేగు రహస్యనామం ‘డోనాల్డ్’. ఆ పేరు వెనక ఉన్నది ఆమె భర్త.