ఫాంటే కదా అనుకోవద్దు!

డిగ్రీ చివరి సెమిస్టర్ రాగానే రెజ్యూమె పని మొదలవుతుంది. ఏం రాయాలో సీనియర్లను అడుగుతారు. ఏ ఫాంట్‌లో రాయాలో మాత్రం ఎవరినీ అడగరు. ఎవరిదో ఫైలు తెచ్చుకుని పేరు మార్చేస్తారు. దాంతో చదువు వివరాలు ఒక ఫాంట్‌లో, కెరీర్ ఆబ్జెక్టివ్ మరో ఫాంట్‌లో ఉండిపోతాయి. ఆ రెండు లైన్లూ మీవి కావని చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

ఫాంట్ అంత పట్టిస్తుందా అంటారా? 2017లో పాకిస్థాన్‌లో అప్పటి ప్రధాని నవాజ్ షరీఫ్ కుటుంబంపై జరిగిన విచారణనే చూడండి. 2006 నాటివంటూ ఇచ్చిన పత్రాలు కాలిబ్రి ఫాంట్‌లో ఉన్నాయి. ఆ ఫాంట్ మార్కెట్లోకి వచ్చింది 2007లో. దాంతో ఆ పత్రాలు అసలువేనా అన్న ప్రశ్న వచ్చింది.

‘ఉద్యోగం ఇచ్చేది నైపుణ్యం చూసి కదా!’ అని మీరు అనొచ్చు. నిజమే. కానీ ఆ నైపుణ్యం ఏమిటో తెలియాలంటే ముందు మీ కాగితం చదవాలి. కళ్లకు శ్రమ పెడితే పక్కన పెట్టేస్తారు.

కాలిబ్రి, ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్... వీటిలో ఏదైనా ఒకటి చాలు. లండన్ పత్రిక ‘ది టైమ్స్’ కోసం తయారై 1932లో వాడుకలోకి వచ్చిన టైమ్స్ న్యూ రోమన్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. సైజు 11 లేదా 12 ఉంచండి. బోల్డ్ హెడింగ్‌లకే వాడండి. స్థలం చాలకపోతే మాటలు తగ్గించండి కానీ అక్షరాలను 8కి కుదించొద్దు. కామిక్ శాన్స్ లాంటివి పుట్టినరోజు కార్డులకు బాగుంటాయి, దరఖాస్తుకు కాదు.

అనువాదం, మీడియా ఉద్యోగాలకు తెలుగులో దరఖాస్తు చేస్తున్నారా? అయితే ఇంకాస్త జాగ్రత్త. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన వర్డ్ ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనిపించదు, అర్థంకాని గుర్తులే ఉంటాయి. యూనికోడ్‌లోనే టైప్ చేయండి. విండోస్‌లో గౌతమి, నిర్మలా ఉన్నాయి. మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

పంపేటప్పుడు పీడీఎఫ్‌గా మార్చండి. వర్డ్ ఫైలే కావాలంటే అందరి దగ్గరా ఉండే ఫాంటే వాడండి. లేదంటే అవతలి కంప్యూటర్ వేరే ఫాంట్ వేసుకుంటుంది, ఒక్క పేజీ రెజ్యూమె రెండో పేజీలోకి జారిపోతుంది.

ఈ రోజే ఓ పని చేయండి. మీ రెజ్యూమెను స్నేహితుడి ఫోన్‌కు పంపి, అందులో తెరిచి చూడండి. జూమ్ చేయకుండా మీ పేరు, అర్హత కనిపించాయా? లేదంటే అప్లై బటన్ నొక్కే ముందే సరిచేసుకోండి.