అది ఫ్రెస్కో కాదు మహాశయా!



మిలాన్ నగరంలో లియొనార్డో డావిన్చి చిత్రించిన ‘కడరా భోజనం’ (మనవాళ్ళ వాడుకలో లాస్ట్ సప్పర్) ప్రస్తావన వస్తే చాలు, దానికి ‘సుప్రసిద్ధమైన ఫ్రెస్కో’ అని బిరుదు తగిలించడం మన వ్యాసకర్తలకు ఆనవాయితీ అయిపోయింది. అది ఫ్రెస్కో కాదు. గోడమీద ఉన్నంత మాత్రాన ఏ బొమ్మా ఫ్రెస్కో అయిపోదు. ఇంత చిన్న మాటకు ఈ పంతులుగారి రాద్ధాంతమేమిటని విసుక్కోకండి. ఆ మాట తప్పితే, ఆ చిత్రం ఎందుకు శిథిలమైందో కూడా తెలియకుండా పోతుంది.

ఇటాలియన్ భాషలో ఫ్రెస్కో అంటే తాజా, పచ్చి అని అర్థం. ఆ పచ్చిదనం రంగుది కాదు, గోడది. సున్నమూ ఇసుకా కలిపిన గచ్చును ఆ పూట ఎంతమేర పూర్తిచేయగలడో అంతమేరకే పూయించి, అది ఆరకముందే చిత్రకారుడు నీటిలో కలిపిన రంగులు వేస్తాడు. జిగురుతో పనిలేదు. తడిసున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మళ్ళీ సున్నపురాయిగా మారేటప్పుడు రంగు ఆ రాతిలో చిక్కుకుపోతుంది. చిత్రం గోడపైన కాక గోడలోనే ఉంటుందన్నమాట. ఒకనాటి పని జరిగిన మేరను వారు ‘జోర్నాతా’ అన్నారు. గచ్చు ఆరిందా, గడువు తీరినట్లే. సరిగా దిద్దాలంటే ఆ ముక్క చెక్కి పారేసి కొత్తగచ్చు పూయవలసిందే. ఫ్లోరెన్సులోని బ్రాంకాచ్చి ప్రార్థనామందిరంలో 1420లలో మసాచ్చో, సిస్టీన్ పైకప్పుకు 1508–1512 మధ్య మైకెలాంజెలో ఈ గడువుకు తలవంచే పనిచేశారు.

లియొనార్డోకు అది గిట్టలేదు. ఆయన ఒకనాడు తెల్లవారినది మొదలు చీకటిపడేదాకా తిండి మరచి చిత్రించేవాడనీ, ఆపైన కొన్నాళ్ళు కుంచె ముట్టేవాడే కాదనీ, ఒక్కొక్కప్పుడు వచ్చి ఒకటి రెండు గీతలు గీసి వెళ్ళిపోయేవాడనీ బండెల్లో అనే సమకాలికుడు వ్రాశాడు. అటువంటివానికీ పచ్చిగచ్చుకూ పొత్తెట్లా కుదురుతుంది? కనుక 1495–1498 ప్రాంతంలో సాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠపు భోజనశాలలో ఆరిన గోడమీద తెల్లపూత పూసి, చెక్కపలకమీద వేసినట్లు జిగురూ నూనే కలిసిన రంగులు వేశాడు. ఆయన బ్రతికి ఉండగానే పెచ్చులూడడం మొదలైంది. 1566లో చూసిన వసారికి మరకల ముద్ద తప్ప ఏమీ కనబడలేదట. మిగిలినదానిని వెలికితీయడానికి పినిన్ బ్రాంబిల్లా అనే విదుషీమణి 1978 నుంచి 1999 దాకా శ్రమించింది.

తేమవల్ల పాడైందని కొందరి వాదన. తేమకు పాత్ర లేదనను. కాని అదే శాలలో ఎదుటిగోడ చూడండి. అక్కడ మోంతోర్ఫానో 1495లో వేసిన సిలువ దృశ్యం ఉంది. అది నికార్సయిన ఫ్రెస్కో. ప్రతిభలో ఆయన లియొనార్డో కాలిగోటికి చాలడంటారా, ఒప్పుకుంటాను. అయినా ఐదువందల ఏళ్ళు దాటినా ఆయన రంగులు నిలిచే ఉన్నాయి. విచిత్రమేమంటే, ఆ గోడ అడుగున మిలాన్ ప్రభువు కుటుంబం బొమ్మలున్నాయి. లియొనార్డో పొడిగోడపై చేర్చినవిగా చెప్పే ఆ బొమ్మలు నేడు నీడలుగా మిగిలాయి. గోడ ఒకటే, తేమా ఒకటే! పాదువాలో జోత్తో అంతటివాడు పచ్చిగచ్చుపై చిత్రించి, నీలాన్ని మాత్రం ఆరిన గోడపై వేసినచోట రాలిపోయింది ఆ నీలమే.

ఇక మన ‘కుడ్యచిత్రం’. కుడ్యమంటే గోడ. మసాచ్చోదీ కుడ్యచిత్రమే, లియొనార్డోదీ కుడ్యచిత్రమే, పొడిపూతపై వేసిన అజంతా బొమ్మలూ కుడ్యచిత్రాలే. మల్లెను పుష్పమనడం తప్పు కాదు. పుష్పమంటే మల్లె అని పాఠం చెబితేనే చిక్కు. ఫ్రెస్కోకు ‘పచ్చిగచ్చు చిత్రం’ అంటే ఏం లోటు? గచ్చు మన తాపీమేస్త్రీలకు తెలిసిన మాటే. సంస్కృతం కాదని చిన్నచూపు దేనికి? ఇంతకన్న మంచి మాట తోస్తే చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను. కాదు, ఫ్రెస్కో అనే ఉంచుదామన్నా అభ్యంతరం లేదు. ఆ మాటను మోంతోర్ఫానో గోడకే ఉంచి, ఎదుటిగోడ జోలికి తీసుకుపోకండి.