పండు ఈగపై జన్యు అస్త్రం: ఒక్క తోటతో తీరే పోరు కాదు

సూరత్ నుంచి నవ్సారి మీదుగా వల్సాడ్ వరకు విస్తరించిన మామిడి తోటలకు పండు ఈగ పాత శత్రువే. ఆడ ఈగ కాయ తొక్కను పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పురుగులు గుజ్జును తినేస్తుంటాయి. అక్కడికి పురుగుమందు చేరదు. 2014 మేలో ఐరోపా సమాఖ్య భారతీయ మామిడి దిగుమతిని నిలిపివేయడానికి ప్రధాన కారణం ఈ ఈగే. ఆ నిషేధం 2015లో తొలగింది కానీ ఈగ బెడద తొలగలేదు.

నవ్సారి వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన ‘నౌరోజీ–స్టోన్‌హౌస్’ ఎర బుట్ట ఈ ప్రాంత రైతులకు చిరపరిచితం. అందులోని మిథైల్ యూజినాల్ వాసనకు మగ ఈగలు వచ్చి చస్తాయి. చవకైన, మంచి సాధనమే. అయితే అప్పటికే జతకట్టిన ఆడ ఈగను అది ఆపలేదు.

వంధ్య కీటకాల పద్ధతి ఇందుకు భిన్నమైనది. వికిరణంతో వంధ్యత్వం కలిగించిన మగ ఈగలను భారీగా వదిలితే, వాటితో జతకట్టిన ఆడ ఈగల గుడ్లు పొదగవు. జపాన్‌లోని ఒకినావా దీవుల్లో పుచ్చ ఈగను 1993 నాటికి ఇలాగే నిర్మూలించారు. అందుకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది, 5,000 కోట్లకు మించి ఈగలను వదలవలసి వచ్చింది.

జన్యు పరిశోధన అవసరం ఇక్కడే ఏర్పడుతోంది. వంధ్యమైనా ఆడ ఈగ కాయను పొడవగలదు. మగవాటి దృష్టినీ మళ్లిస్తుంది. కనుక మగవాటినే వేరుచేసి వదలాలి. మధ్యధరా పండు ఈగలో దీనికి దారి దొరికింది: ఆ ప్రత్యేక వంశంలో గుడ్లను 34 డిగ్రీల వేడిలో ఉంచితే ఆడ పిండాలు మాత్రమే నశిస్తాయి. ఆ వంశంలోనే ఆడ ప్యూపాలు తెల్లగా, మగవి గోధుమ రంగులో ఉంటాయి. ఈ తెలుపుకు మూలమైన జన్యువును 2021లో గుర్తించారు. మన మామిడిని పీడించే ప్రాచ్య పండు ఈగలోనూ, పుచ్చ ఈగలోనూ తెల్ల ప్యూపాలకు మూలం అదే జన్యువని తేలింది. అంటే ఒక జాతిలో దశాబ్దాల పాటు యాదృచ్ఛిక మార్పు కోసం ఎదురుచూసిన పనిని, జన్యు సవరణతో మరో జాతిలో నేరుగా ఆరంభించవచ్చు. ఆరంభమే సుమా! సరైన జన్యు ప్రతిని మగ క్రోమోజోముకు కట్టిపడేసే పని ఇంకా కఠినమే.

అనుమతుల విషయానికి వస్తే, 2022లో కేంద్రం ఇచ్చిన సడలింపు కొన్ని రకాల జన్యు సవరణ మొక్కలకే పరిమితం. కీటకాలకు బయోటెక్నాలజీ విభాగం 2023లో వేరుగా మార్గదర్శకాలు విడుదల చేసింది.

అసలు చిక్కు నేలమీద ఉంది. ఒకినావా చుట్టూ సముద్రం. దక్షిణ గుజరాత్‌కు పడమర ఒక్కటే సముద్రం. మామిడి కోత ముగిసినా ఈగకు నవ్సారి సపోటా తోటలు, పెరటి జామచెట్లు ఆశ్రయమిస్తాయి. నూజివీడు, జగిత్యాల మామిడి రైతులకూ పెరటి జామల బెడద తప్పదు. ఒక రైతు తన తోటలో వదిలిన ఈగలు పొరుగు తోట నుంచి వచ్చేవాటిని నిలువరించలేవు. పైగా పొరుగువారి ఎర బుట్ట ఈ వంధ్య మగ ఈగలనూ చంపుతుంది! విడుదలకు ముందే వాటికి మిథైల్ యూజినాల్ తినిపిస్తే ఆ ఎర వైపు మొగ్గు తగ్గుతుందని విదేశీ పరిశోధనలు చూపాయి. కానీ బుట్టలు ఎప్పుడు దించాలో, ఈగలు ఎప్పుడు వదలాలో ప్రాంతమంతా ఒకే మాటపై నడవాలి. ఆ సమన్వయం ప్రయోగశాల చేయగలిగేది కాదు. సహకార సంఘాలు, ఉద్యానశాఖ, విశ్వవిద్యాలయం కలిసి ఇప్పటి నుంచే ఏ గ్రామంలో ఏ నెలలో ఎన్ని ఈగలు పడుతున్నాయో లెక్క రాసిపెట్టాలి. ఎన్ని మగ ఈగలను వదలాలో ఆ లెక్క లేకుండా ఎవరూ చెప్పలేరు.