ఆ 15 నెలల మాట ఎవరూ ఎత్తరేం?

పల్లెల్లో చర్చి నడిపే ఆస్పత్రి, హాస్టల్, వృద్ధాశ్రమం మాట రాగానే 'అదంతా మతమార్పిడికి వేసే ఎర' అని కొట్టిపారేయడం కొందరికి అలవాటైపోయింది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించినప్పుడు దాన్ని వెనకేసుకొచ్చినవాళ్లదీ ఇదే పాట. ఆ సవరణ తప్పు. మోసగాళ్ల కోసమని వేసిన వల పల్లె డిస్పెన్సరీల మీద పడింది.

'ఎర' అనేవాళ్లు ముందుగా చూపించేది ఒంగోలునే. 1876-78 కరువులో అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. వాళ్లలో ఎక్కువమంది ఊరి బావి దగ్గరకు కూడా రానివ్వని మాదిగలు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ 2,222 అందరికీ కంఠతా వచ్చు. అంతకుముందు 15 నెలల పాటు, మాకివ్వండని అడిగినవాళ్లకు కూడా ఆయన బాప్తిస్మం ఇవ్వలేదన్నది ఎవరి నోటా రాదు. కూటి కోసం మతం మారారన్న మాట పడకూడదనే 15 నెలలు ఆగాడు. ఎర వేసేవాడు 15 నెలలు గాలం పైకి లాగకుండా కూర్చుంటాడా?

ఇప్పుడు చట్టం చూడండి. పట్నంలోని పెద్ద సంస్థకు విదేశీ విరాళాలు తీసుకునే రిజిస్ట్రేషన్ ఉంటుంది, నిధులూ వస్తాయి. ఇదివరకు అందులో కొంత రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకు, ప్రభుత్వ అనుమతితో లేనివాటికి కూడా, పంచే వీలుండేది. 2020 నుంచి ఒక్క రూపాయి చేతులు మారకూడదు. మన్యంలో పనిచేసే సంస్థ సైతం ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో ఖాతా తెరవాలి.

సింగపూర్ సెరంగూన్ రోడ్డులో ఆదివారం డబ్బు పంపే కౌంటర్ ముందు ఒకే ఊరి తెలుగువాళ్లు ఇద్దరు నిలబడ్డారనుకోండి. ఒకరిది భారత పాస్‌పోర్టు, మరొకరిది సింగపూర్ పౌరసత్వం. ఊళ్లో సిస్టర్లు నడిపే డిస్పెన్సరీకి చెరో వంద డాలర్లు పంపాలనుకున్నారు. మొదటివారు కష్టార్జితం నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళమే కాదు. రెండోవారిది విదేశీ విరాళం. రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని ఆ డిస్పెన్సరీ దాన్ని తీసుకుంటే నేరం. పెద్ద సంస్థ ద్వారా అందిద్దామంటే ఆ దారీ మూసేశారు. ఇందులో మతమార్పిడిని ఆపిందెక్కడ?

సింగపూర్ మతం విషయంలో మెతక దేశమేం కాదు. 2022 నవంబరు నుంచి ఇక్కడి మత సంస్థలు విదేశాల నుంచి ఒకేసారి 10,000 డాలర్లు, ఆపైన వస్తే ప్రభుత్వానికి చెప్పాలి. అనుమానమున్న చోట అడ్డుకునే అధికారమూ ప్రభుత్వం ఉంచుకుంది. అంతేగానీ అందరినీ ఒకే గాటన కట్టలేదు.

సేవ పేరుతో ఒత్తిడి చేసేవాళ్లు, లెక్కలు తారుమారు చేసేవాళ్లు ఉండొచ్చు. కేసులు పెట్టండి, ఖాతాలు తిరగేయండి, ఎవరూ కాదనరు. కానీ రుజువు చూపించండి. మందు ఇచ్చేముందు మతం అడిగారా? హాస్టల్ సీటుకు బాప్తిస్మం షరతు పెట్టారా? పెట్టినవాళ్లను శిక్షించండి. ఆ 15 నెలలను దాచిపెట్టి 2,222 ఒక్కటే పట్టుకు ఊగేవాళ్లకు చరిత్ర పేరెత్తే హక్కు లేదు. ప్రభుత్వమే నర్సును పంపలేని పల్లెలో, పంపగలిగినవాళ్ల చేతులు కట్టేయడం దేశభక్తి అనిపించుకోదు. నిధులు పంచుకోకూడదన్న ఆ నిషేధాన్ని వెంటనే ఎత్తేయాలి.