తూటాకు జవాబు చెప్పేదెవరు?

ఐస్‌లాండ్ అనే చిన్న దేశం ఉన్నది. 2013 డిసెంబర్‌లో దాని రాజధాని రేక్యవిక్‌లో పోలీసులు ఒక మనిషిని కాల్చి చంపారు. అతడే ముందు పోలీసుల మీద తుపాకి పేల్చాడు. అయినా ఆ దేశం నివ్వెరపోయింది. 1944లో రిపబ్లిక్ అయిన తర్వాత పోలీసు తూటాకు ఒక మనిషి చనిపోవడం అక్కడ అదే మొదటిసారి! పోలీసు పెద్దలు ఆ కుటుంబానికి సంతాపం చెప్పారు. మరి మన దగ్గర? 'ఆత్మరక్షణ కోసం కాల్పులు' అని ఒక ప్రెస్‌నోట్. అంతటితో సరి!

నార్వేలో పోలీసు కావాలంటే మూడేళ్ల డిగ్రీ చదవాలె. అందులో ఒక ఏడాది ఠాణాల్లో పని నేర్చుకోవాలె. జర్మనీలోనూ రెండున్నర నుంచి మూడేళ్లు పడుతుంది. అమెరికాలో అకాడమీ శిక్షణ సగటున ఐదు నెలలే. ఆ దేశంలో ఏటా దాదాపు వెయ్యి మంది పోలీసు తూటాలకు బలవుతున్నారు. అక్కడ జనం చేతుల్లోనూ తుపాకులున్నాయి కదా అంటారు. అది కొంత నిజమే. కానీ జార్జ్ ఫ్లాయిడ్ చేతిలో ఏ తుపాకి ఉన్నది?

2020 మే 25న మినియాపోలిస్ నడివీధిలో ఫ్లాయిడ్ మెడ మీద తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు మోపి ప్రాణం తీశాడు డెరెక్ షావిన్. అతడు కొత్తవాళ్లకు పని నేర్పే సీనియర్! పక్కకు తిప్పుదామా అని కొత్తగా చేరిన పోలీసు ఒకడు అడిగాడు. సీనియర్ వద్దన్నాడు. కొత్తవాడు ఊరుకున్నాడు. అసలు శిక్షణ ఇదే! బడిలో చెప్పిన నీతి ఠాణా గడపలో చచ్చిపోతుంది. అయితే అక్కడ జనం రోడ్డెక్కారు. షావిన్‌కు 2021లో ఇరవై రెండున్నరేళ్ల శిక్ష పడింది. మన దగ్గర లాకప్ చావులకు ఎంతమంది ఖాకీలు జైలుకు పోయారు? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఈ రోగం మూలం ఎక్కడున్నది? 1829లో లండన్‌లో రాబర్ట్ పీల్ పోలీసు వ్యవస్థ పెట్టినప్పుడు చేతికి కర్ర ఇచ్చాడు, తుపాకి ఇవ్వలేదు. ఇంగ్లండ్‌లో మామూలు బీట్ పోలీసు దగ్గర ఇప్పటికీ తుపాకి ఉండదు. అదే తెల్లదొర ఐర్లండ్‌ను అణచడానికి మాత్రం తుపాకులిచ్చి, బ్యారక్‌లలో ఉంచి, ఇంకో రకం పోలీసును తయారు చేశాడు. 1857 తిరుగుబాటు తర్వాత, 1861 చట్టంతో ఈ దేశం నెత్తిన రుద్దింది ఆ రెండో రకాన్నే. సొంత ఇంటికి కర్ర, పరాయి ఇంటికి తుపాకి! ఇక నిజాం ఏలిన నేల సంగతి చూడండి. 1348 ఫసలీ నాటి హైదరాబాద్ నగర పోలీసు చట్టం నేటికీ నడుస్తూనే ఉన్నది. రాజు పోయాడు, చట్టం పోలేదు.

అందుకే 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీలు తగ్గించమన్నవాళ్లకు బషీర్‌బాగ్‌లో తూటాలు దక్కాయి. ముగ్గురు నేలకొరిగారు. 2007 జూలై 28న ముదిగొండలో భూమి అడిగినవాళ్లలో ఏడుగురు పోలీసు కాల్పులకు బలయ్యారు. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది. తుపాకి మారిందా? 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను కాల్చి చంపితే పోలీసుల మీద పూలు చల్లాం! చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులను విచారించాలని సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చి చెప్పింది. అప్పుడు పూలు చల్లిన చేతులు ఎక్కడికి పోయాయి? లాఠీ దెబ్బ తిన్న విద్యార్థీ, ధర్నాలో వ్యానెక్కిన ఉద్యోగీ ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకోవాలె. మనకు నచ్చనివాడి మీద పేలిన తూటాకు చప్పట్లు కొడితే, రేపు మన మీద పేలేదాన్ని ఏ నోటితో అడుగుతాం?

కానిస్టేబుల్ మనకు శత్రువు కాదు. అతడూ రైతు బిడ్డే, కూలి బిడ్డే. తొమ్మిది నెలల శిక్షణలో పరేడ్ నేర్పి, సెలవు లేని డ్యూటీ వేసి, ఆర్డర్లీగా అధికారి ఇంట్లో వెట్టి చేయించి, కోపంతో ఉన్న గుంపు ముందు నిలబెడతారు. అవమానం తిన్నవాడి చేతిలోని లాఠీ ఎవరి వీపు వెతుక్కుంటుంది?

పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో, జిల్లాల్లో విడిగా అథారిటీలు పెట్టమని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎన్‌కౌంటర్ చేసిన ఠాణాయే ఆ కేసు దర్యాప్తు చేయకూడదని 2014లో చెప్పింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. అమలు చేయించే జనమే కావాలె. శిక్షణ మూడేళ్లు చేయండి, మంచిదే. కానీ పేల్చిన ప్రతి తూటాకు బయటివాడి ముందు లెక్క చెప్పవలసి వస్తేనే ఆ చదువు తలకెక్కుతుంది. లెక్క అడుగుదాం! మనవాడు చచ్చినప్పుడే కాదు, ఎవడు చచ్చినా!