ఉత్తర కొరియాకు దారి ఎటు?

ఒక దేశానికి ఎవరు మిత్రులో తెలుసుకోవడానికి దాని అధినేత ప్రసంగాలు చదవనక్కరలేదు. ఆ దేశంలోకి ఏ రైలు వెళుతోంది, ఏ విమానం దిగుతోంది అన్నది చూస్తే చాలు. ఉత్తర కొరియా విషయంలో ఇది అక్షరాలా నిజం.

మనం ప్రయాణం తలపెడితే ముందు చార్జీ ఎంత, ఎన్ని గంటలు పడుతుంది అని విచారిస్తాం. ప్యాంగ్యాంగ్ వెళ్లదలచిన పర్యాటకునికి ఆ ప్రశ్నలు తరువాత. ముందు అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్న టూరు సంస్థ ద్వారా అనుమతి రావాలి. కాలు పెట్టినప్పటి నుంచి వెనుదిరిగే దాకా గైడ్లు వెంటే ఉంటారు. వారు చూపిన బస్సే ఎక్కాలి. రాజధానిలో 1973 నుంచి భూగర్భ రైలు నడుస్తున్నా, విదేశీయులకు చాలా ఏళ్ల పాటు రెండే స్టేషన్లు చూపించేవారు. మన పెద్దలకు ఇలాంటి కట్టడి మరీ కొత్త కాదు. ఒకప్పుడు హజ్ వీసాపై వెళ్లినవారు మక్కా, మదీనా, జిద్దా దాటి పోవడానికి వీలుండేది కాదు. సౌదీ అరేబియా పర్యాటక వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది 2019లోనే. కానీ ఉత్తర కొరియాలో సొంత పౌరులు సైతం తమ ప్రాంతం దాటాలంటే అనుమతి పత్రం చూపాలి.

2020 జనవరిలో కరోనా భయంతో ఆ దేశం తలుపులన్నీ మూసేసింది. లోపల ఉన్న విదేశీ రాయబారులకు బయటపడే దారి కూడా కష్టమైంది. 2021 ఫిబ్రవరిలో రష్యా దౌత్య సిబ్బంది, వారి కుటుంబ సభ్యులు కలిపి ఎనిమిది మంది స్వదేశానికి బయలుదేరారు. 32 గంటలు రైలులో, మరో రెండు గంటలు బస్సులో వచ్చారు. ఆపైన సామాన్లనూ పిల్లలనూ పట్టాలపై నడిచే ట్రాలీ మీద కూర్చోబెట్టి, కిలోమీటరుకు పైగా చేతులతో తోసుకుంటూ సరిహద్దు దాటారు. మిత్రదేశం వారి గతే ఇది! ఆ ఏడాదే ప్యాంగ్యాంగ్ లోని మన రాయబార కార్యాలయ సిబ్బంది కూడా వెనక్కి వచ్చేశారు. 2024 చివరలో గానీ అది మళ్లీ తెరుచుకోలేదు. అన్నట్టు, ఆ నగరంలో మసీదు ఉన్నది కూడా ఒక రాయబార కార్యాలయం ఆవరణలోనే. అది ఇరాన్ వారిది.

తలుపు తిరిగి తెరుచుకున్న వరుస గమనించదగినది. 2023 ఆగస్టులో ఎయిర్ కొర్యో విమానాలు బీజింగ్‌కు, వ్లదివోస్తోక్‌కు మళ్లీ ఎగిరాయి. కానీ విహారయాత్రకు మొదట రానిచ్చింది రష్యన్లనే, 2024 ఫిబ్రవరిలో. ఆ జూన్‌లో పుతిన్ ప్యాంగ్యాంగ్ వెళ్లి ఒప్పందం చేసుకున్నారు. 2025 జూన్‌లో మాస్కో నుంచి నేరుగా రైలు నడిచింది. పది వేల కిలోమీటర్లకు పైబడిన దారి, ఎనిమిది రోజుల ప్రయాణం. జులైలో నేరుగా విమానమూ వచ్చింది. టూమెన్ నది మీద 1959 నాటి రైలు వంతెన పక్కన రోడ్డు వంతెన పనులు కూడా మొదలయ్యాయి. ఇవన్నీ పర్యాటకుల సౌకర్యం కోసమంటే మనం నమ్మలేం. ఉక్రెయిన్ యుద్ధంలో రష్యాకు సైనికులను, ఫిరంగి గుండ్లను పంపిన దేశానికి దక్కిన ప్రతిఫలంలో ఇదీ భాగమే.

పాశ్చాత్య యాత్రికుల సంగతి చూడండి. 2025 ఫిబ్రవరిలో రాసన్ అనే సరిహద్దు మండలం వరకే వారిని రానిచ్చారు. మూడు వారాలైనా గడవక ముందే అదీ మూసేశారు. కారణం చెప్పలేదు.

అన్నిటికన్నా దగ్గర దారి దక్షిణాన ఉంది. సియోల్ నుంచి ప్యాంగ్యాంగ్ రెండు వందల కిలోమీటర్ల లోపే. మనకు హైదరాబాద్ నుంచి కర్నూలు పోయినంత. 2007 డిసెంబరు నుంచి ఏడాది పాటు సరిహద్దు మీదుగా గూడ్సు రైలు నడిచింది కూడా. 2024 అక్టోబరులో ఉత్తర కొరియా తన వైపున్న రోడ్లను బాంబులతో పేల్చివేసింది.

ఈ దారి మూత వల్ల నష్టపోయింది విహారయాత్రికులు కాదు, 1950–53 యుద్ధంలో విడిపోయిన కుటుంబాలు. బంధువులను చూడాలని దక్షిణ కొరియాలో 1,30,000 మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. వారిలో ఎక్కువ మంది ఇప్పటికే కన్నుమూశారు. చివరిసారిగా 2018 ఆగస్టులో కొందరు వృద్ధులను బస్సుల్లో కుమ్‌గాంగ్ కొండల వద్దకు తీసుకెళ్లి కలిపించారు. ఆ కలయికల కోసం అక్కడ దక్షిణ కొరియా కట్టించిన భవనాన్ని 2025లో ఉత్తర కొరియా కూల్చడం మొదలుపెట్టింది.